గోదారి పొద్దువాలు, ఆయిల్ రంగుల్లో: మూడో బోర్డు

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే కొవ్వూరు వైపు పొద్దు వాలడం కనిపిస్తుంది. ఆ వెలుగును ఆయిల్ రంగుల్లోకి తేవాలని రెండు నెలలుగా కుస్తీ పడుతున్నాను. రెండు బోర్డులు పాడయ్యాయి. మూడోది ఎదురుగా గోడకు ఆనించి ఉంది, ఇంకా తడే.

బోర్డు 12 × 16 అంగుళాలది. రంగులు ఆరే: టైటానియం వైట్, కాడ్మియం యెల్లో, కాడ్మియం ఆరెంజ్, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు). నలుపు కొనలేదు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగు వంతెన స్తంభాలకు చక్కగా సరిపోతోంది.

మొదటి బోర్డులో కింద పసుపు, పైన నీలం వేసి రెండూ తడిగా ఉండగానే కలిపాను. నడుమ ఆకుపచ్చ చార తేలింది. పసుపు, నీలం నేరుగా తగిలితే అంతే మరి. మధ్యలో క్రిమ్సన్, తెలుపు కలిపిన గులాబీ రంగు పట్టీ వేస్తే ఆ ఇబ్బంది పోయింది.

రెండోది ఇంకా బాధపెట్టింది. ఆకాశమంతా మంచి ఆరెంజ్ వేశాను, అయినా సూర్యుడు వెలగలేదు. వెలగాలని తెలుపు కలిపేకొద్దీ సుద్ద పూసినట్టు అయింది.

ఇక రంగులు ఇంట్లో పెట్టేసి, ఒక బూడిదరంగు అట్టముక్కకు చిన్న చిల్లు పొడిచి ఘాట్‌కి వెళ్ళాను. వాన తెరిపిచ్చిన సాయంత్రం అది. ఆ చిల్లులోంచి ఆకాశంలో ఒక్కో చోటే చూశాను. ఆరెంజ్ అనుకున్న చోటు చాలావరకు ఆరెంజే కాదు! సూర్యుడి చుట్టూ కాస్త మేరే నిజమైన ఆరెంజ్. ఆ పైన వెలిసిపోయిన ఇటుక రంగు, ఇంకా పైన బూడిద కలిసిన ఊదా. అంత మసక చుట్టూ ఉండబట్టే ఆ చిన్న ముక్క అంతలా మెరుస్తోంది. రెండు నెలల్లో నేను నేర్చుకున్న అసలు విషయం ఇదే.

మూడో బోర్డుకు ముందు బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌తో పల్చగా చేసి పూసి, గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చాను. ఆరెంజ్‌లో కొంచెం అల్ట్రామెరైన్, తెలుపు కలిపి మసక రంగులు మూడు ముందే సిద్ధం చేసుకున్నాను. అంచుల నుంచి లోపలికి వేసుకుంటూ వచ్చి, సూర్యుణ్ణి ఆఖరికి వదిలేశాను. పసుపు, తెలుపు కలిపి రంగులు పూసే కత్తి మొనతో ఒక్క ముద్ద పెట్టాను. మళ్ళీ ముట్టుకోలేదు. పసుపుకు బ్రష్ వేరే పెట్టుకోవాలి. నీలం తగిలిన బ్రష్‌ను ఎంత తుడిచినా ఎక్కడో ఒక చోట పచ్చదనం బయటపడుతుంది.

నీళ్ళలో ఆకాశం రంగులే, కాకపోతే ఒక పిసరు ముదురుగా. స్తంభాల నీడల్ని నిలువుగా కిందికి లాగి, పొడి బ్రష్‌తో అడ్డంగా ఒక్కసారి మెల్లిగా తాకిస్తే నీళ్ళలా కదిలాయి. అప్పుడు నా గుండె నిండిపోయింది.

ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. సూర్యుడి ముద్ద మూడు వారాలైనా మెత్తగానే ఉంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి: ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నేను ఆరుబయట దండెం మీద విడివిడిగా పరిచి ఆరేస్తున్నాను. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచుతున్నాను.

నిన్న నాన్న బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఆకాశం బాగా కుదిరిందిరా. నీళ్ళే ఈ నెల గోదారిలా లేవు, ఎర్రనీరు ఏదీ?" అన్నారు. నిజమే, వరద నీటి మట్టి రంగు నేను వేయనే లేదు. నీళ్ళ భాగం పల్చగానే వేశాను కాబట్టి ముందు అదే ఆరుతుంది. వేలికి అంటకుండా అయ్యాక, బర్న్ట్ సియెన్నాను అవిసె నూనెలో బాగా పల్చన చేసి దాని మీద ఒక పూత వేస్తాను. పై పూతలో కింది దానికంటే నూనె ఎక్కువుండాలి, లేకపోతే తర్వాత పగుళ్ళు వస్తాయి. ముందుగా కుడి పక్క మూలన, రేవు మెట్ల దగ్గర, రెండంగుళాల మేర వేసి చూస్తాను.