కప్పింగ్ థెరపిస్టును ఎంచుకోవడం: నా అనుభవం

మా మసాజ్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది. కప్పింగ్ అంటే కప్పులో గాలి తగ్గించి చర్మాన్ని పైకి పీల్చే చికిత్స. అది పెట్టాలనుకున్నప్పుడు ముందు తేల్చుకున్నది గాట్లు లేని డ్రై కప్పింగా, హిజామానా అన్నది. హిజామాలో చర్మం మీద సన్నని గాట్లు పెట్టి రక్తం తీస్తారు. అది యునానీ డాక్టర్ల పని. చార్మినార్ దగ్గర నిజామియా టిబ్బీ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి బీయూఎంఎస్ (యునానీ వైద్య డిగ్రీ) చదివినవాళ్లు దొరుకుతారు. కానీ వాడిన బ్లేడ్లకు తెల్ల డబ్బా, రక్తం అంటిన దూదికి పసుపు సంచి, ఆ చెత్త తీసుకెళ్లే ఏజెన్సీ, ఇవన్నీ క్లినిక్‌కు కుదురుతాయి, మసాజ్ గదికి కుదరవు. అందుకే డ్రై కప్పింగ్‌తోనే ఆగాను.

ఉద్యోగానికి వచ్చిన థెరపిస్టులందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. రెండు రోజుల వర్క్‌షాప్‌కూ ఆరు నెలల కోర్సుకూ కాగితం ఒకేలా మెరుస్తుంది. వాటిని పక్కనబెట్టి నా వీపు మీదే చేయించుకున్నాను.

కప్పు ముట్టుకునేలోపు ఏమడుగుతారో చూశాను. "రక్తం పలచబడే మందులు వాడతారా?" అంటే మనవాళ్లలో చాలామంది లేదనే అంటారు. "గుండెకు చిన్న బిళ్ళేమైనా వేసుకుంటారా అండీ, ఎకోస్ప్రిన్ లాంటిది?" అంటే అప్పుడు గుర్తొస్తుంది. అలా అడిగినావిడ ఒక్కరే. గర్భిణికి నడుము, పొట్ట జోలికి వెళ్లకూడదని, వేరికోస్ నరాల (ఉబ్బిన కాలి నరాల) మీద పెట్టకూడదని, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ల చర్మం పలచబడి ఉంటుందని కూడా ఆవిడే చెప్పారు.

తర్వాత మంట పని, అంటే గాజు కప్పులో గాలిని మంటతో వేడిచేసి చర్మానికి పట్టించడం. ఫ్యాన్ ఆపాలి. ఫోర్సెప్స్‌తో పట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, చుక్క కారకుండా పిండి, సీసా మూత బిగించి దూరంగా పెట్టాకే వెలిగించాలి. గాజు కప్పు లోపల, అడుగు వైపు, ఒకటి రెండు సెకన్లు తిప్పి తీసి వెంటనే ఆనించాలి. పిండకపోతే మండే చుక్క వీపు మీద పడుతుంది. మంట అంచుకు తగిలితే చర్మం గుండ్రంగా కాలుతుంది. ఒకరు సీసా మూత తెరిచే ఉంచి అగ్గిపుల్ల గీయబోయారు. అక్కడే ఆపేశాను.

తీయడంలోనూ పనితనం తెలుస్తుంది. అంచు పక్కన వేలితో చర్మాన్ని నొక్కితే గాలి లోపలికి పోయి కప్పు దానంతటదే వదులుతుంది. లాగితే చర్మం కమిలిపోతుంది. మొదటిసారి వచ్చినవాళ్లకు చేతిపంపుతో గాలి లాగే కప్పయితే పంపు రెండు సగం లాగులు, అయిదు నిమిషాలు చాలు. మధ్యలో రంగు చూస్తూ ఉండాలి. బిగింపు ఎక్కువై, సమయమూ ఎక్కువైతే నీటిబొబ్బలు లేస్తాయి. నూనె రాసి జరిపే పనికి సిలికాన్ కప్పులే మేలు. పంపు కప్పు వాల్వులోకి నూనె పోతే గాలి నిలవదు.

"ఎంత నల్లగా వస్తే అంత విషం బయటికొచ్చినట్టు" అన్న ఒకరిని, చెయ్యి బాగున్నా తీసుకోలేదు. ఆ మచ్చ చర్మం కింద చిన్న నాళాల నుంచి చిమ్మిన రక్తం, అంతే. పోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పెళ్లికి వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

జీతం కప్పుల లెక్కన ఇవ్వలేదు. అలా ఇస్తే నాలుగు చాలిన వీపు మీద పది పడతాయి. నెల జీతం, ఆపైన సెషన్‌కు కొంత. కప్పులను సబ్బుతో కడిగి, బ్లీచింగ్ ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టి ఆరబెట్టే సమయం కూడా డ్యూటీలోనే కలిపాను. ప్రతి క్లయింటుకూ ఎక్కడ, ఏ సైజు, ఎన్ని నిమిషాలు అన్నది నోట్‌బుక్‌లో రాస్తారు. పాత మచ్చ పోయేదాకా అదే చోట మళ్లీ కప్పు పెట్టరు.