ఉద్యోగం కోసం చదవడం చిన్నతనమా?

ఇటీవల నల్లగొండలో ఉపాధ్యాయ మిత్రులు కొందరు కలిసినప్పుడు, చదువు పరమార్థమేమిటన్న పాత చర్చ మళ్లీ మొదలైంది. ఈ కాలపు పిల్లలు కేవలం ఉద్యోగం కోసమే చదువుతున్నారని, జ్ఞానం మీద, వ్యక్తిత్వం మీద ఎవరికీ ధ్యాస లేదని ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన పట్ల గౌరవం ఉన్నప్పటికీ ఆ మాటతో నేను ఏకీభవించలేకపోయాను. నెల తిరగ్గానే జీతమో పింఛనో చేతికందే మనకు, ఇతరుల జీతపు ఆశ చిన్నదిగా కనిపించడంలో వింతేమీ లేదు.

పాలమూరు పల్లెల నుంచి గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకు, కాలువల పనులకు తరతరాలుగా వలసపోయిన కుటుంబాలున్నాయి. ఆ ఇంటి తల్లి తన కొడుకును హాస్టల్లో చేర్పించి, "మాలెక్క నువ్వు తట్ట మోయొద్దు బిడ్డా" అన్నదంటే, అందులో అన్నం ఉంది, ఆత్మగౌరవం ఉంది, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి బతకనవసరం లేని స్వేచ్ఛ కూడా ఉంది. విద్యావేత్తలు పెద్ద పదాలతో చెప్పే లక్ష్యాలలో దీనికంటే ఉన్నతమైనది నాకు తోచదు. 1966లో నివేదిక సమర్పించిన జాతీయ విద్యా కమిషన్, అంటే కొఠారీ కమిషన్ సైతం, విద్యకు ఉత్పాదకతతో సంబంధం ఉండాలని స్పష్టంగానే చెప్పింది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీంలోనైతే చేతిపనే చదువుకు కేంద్రం.

అయితే ఉద్యోగమే సర్వస్వమనే వాదం మన జిల్లా చరిత్ర ముందు నిలవదు. నిజాం పాలనలో అధికార భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. తెలుగు చదివినందువల్ల సర్కారు కొలువు వచ్చే అవకాశం దాదాపు లేని ఆ రోజుల్లోనే ఊరూరా గ్రంథాలయోద్యమం సాగింది, 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రికను వెలువరించారు. ఆ చందాదారులు ఏ కొలువును ఆశించి డబ్బు కట్టారు? తమ గురించి తాము తెలుసుకోవాలన్న ఆకలి కూడా కడుపాకలి వంటిదేనని వారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

నా ఫిర్యాదు ఉద్యోగం మీద కాదు, ర్యాంకు మీద. ఇంటర్మీడియట్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి ఎంట్రన్సు తప్ప మరో లోకం లేకుండా చేసే చదువు, మనిషినీ తయారు చేయదు, నిజానికి పనిమంతుణ్ణీ తయారు చేయదు. దీనికి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల నీళ్లే సాక్ష్యం. ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9 అని, అది పదిహేడవ గ్రూపులోని హాలోజన్ అని అక్కడి విద్యార్థి తడుముకోకుండా చెప్పగలడు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని, ఆ హద్దు దాటిన బోరునీళ్లే తన తాత నడుమును వంచాయని, తన పళ్ల మీది గారకూ అదే కారణమని ఆ పాఠం అతనికి చెప్పదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన మడ్డితోపాటు ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరుతో అది ప్రపంచానికి తెలిసింది, మన పిల్లలలో ఎందరికి తెలుసునో అనుమానమే. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి కనుక ఆ గొడవ దేనికని ఎవరైనా అనవచ్చు, కానీ నల్లా రాని రోజున ఆ ఇంటివారు మళ్లీ ఏ నీళ్లు తాగుతారో ఆలోచించాలి.

బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తన మొదటి సూత్రంగానే చెప్పింది. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే గుణాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెబుతోంది. వీటిని అమలు చేయడానికి కొత్త కమిషన్లు అక్కరలేదు. పదో తరగతి పిల్లలు తమ ఊరి బోర్ల నీటిని సీసాల్లో తెచ్చి, ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించి, ఆ అంకెలను గ్రామసభలో చదివి వినిపించి, సర్పంచును జవాబు అడగగలిగితే చాలు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అట్ట వేసే ప్రాజెక్టు పనికి బదులు దీనికే మార్కులు వేయవచ్చు. నీటి పరీక్ష చేయడం వచ్చిన పిల్లలు రేపు ల్యాబు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ తల్లి కోరిక కూడా తీరినట్టే.