బట్టల క్లిప్పు పెట్టిన పుస్తకం

పాప పుట్టిన మూడో వారంలో, గూడూరులో, మా అమ్మ నా చేతిలోంచి పుస్తకం లాగేసుకుంది. "పచ్చి బాలింతవి, చదవబాకు మా. కళ్ళు లాగేస్తాయి" అంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, పథ్యం అన్నింటికీ సరేనన్నాను గానీ ఇది మాత్రం నా వల్ల కాలేదు. డాక్టరమ్మని అడిగితే, "చదివితే కళ్ళకేం కాదు. కానీ పాప పడుకున్నప్పుడు ముందు నువ్వు పడుకో" అంది. ఆవిడ చెప్పింది నిజమే. రెండు గంటలకోసారి పాలకి లేస్తున్న ఆ రోజుల్లో నాలుగు లైన్లు చదివేసరికి అక్షరాలు అలుక్కుపోయేవి.

చివరికి అమ్మనే చదివి వినిపించమన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మొదలుపెట్టేది. పదో తరగతితో చదువాపేసిన మనిషి. మొదట్లో బడిపిల్లలా గబగబా అప్పజెప్పేది. వారం తిరిగేసరికి కథలో అత్తగారు మాట్లాడితే గొంతు మార్చడం, మధ్యలో ఆగి "ఈ పిల్ల నోరు తెరిచి చెప్పొచ్చు గదా" అని తగువేసుకోవడం వచ్చేశాయి. నేను పాపకి పాలిస్తూ కళ్ళు మూసుకుని వినేదాన్ని. పెళ్ళయ్యాక అమ్మా నేనూ అంతసేపు ఒకచోట కూర్చున్నది అప్పుడే.

మూడో నెల వెళ్ళాక బెంగళూరు వచ్చేశాం. అమ్మ కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయింది. రాత్రి పాలిస్తూ ఫోను పట్టుకోవడం అలవాటైంది. ఈ వయసుకి బరువెంత ఉండాలి, బోర్లా ఎప్పుడు పడాలి, విరోచనం పచ్చగా అయితే ఏం చెయ్యాలి... ఆ నెల్లో చదివినదంతా కలిపితే ఒక లావుపాటి పుస్తకమే అవుతుంది. సంతోషం మాత్రం పిసరంత లేదు. భయంతో వెతుక్కోవడాన్ని నేను చదవడం అనను. నాకు అక్కరకు రాని కథ కావాలి, నాకు తెలియని ఊరు, నాకు సంబంధం లేని మనుషులు కావాలి.

పాలు తాగాక పాపని పావుగంట, ఇరవై నిమిషాలు భుజాన వేసుకునే ఉండాలి, లేకపోతే కక్కేస్తుంది. ఒక చెయ్యి పాప వీపు మీదే ఉంటుంది. ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుందామంటే, ఇప్పటి పుస్తకాలకి వెనక జిగురు కదా, బొటనవేలు తియ్యగానే టప్పున మూసుకుపోతాయి. ఒక రాత్రి విసుగొచ్చి బాల్కనీ దండెం మీద నుంచి బట్టల క్లిప్పు ఒకటి తెచ్చి ఎడమ పక్క పేజీలకి పెట్టాను. కుడి పక్క ఫోను బరువు పెట్టాను. పుస్తకం టేబుల్ మీద విప్పారి కూర్చుంది! తాతగారి పుస్తకం ఒకటుంది, దారంతో కుట్టినది. దానికైతే ఈ తంటా అక్కర్లేదు, ఎక్కడ తెరిస్తే అక్కడే పడుకుంటుంది.

నవల పక్కన పెట్టేశాను. మూడు రోజులకోసారి తెరిస్తే ఎవరు ఎవరికేమవుతారో మళ్ళీ మొదటికొస్తోంది. ఆరేడు పేజీల కథైతే పాపకి తేన్పు వచ్చేలోపు సగమైనా అవుతుంది. తెలుగులో అంత నిడివి కథలకి కొదవ లేదు.

2017లో చట్టం మారాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. నేను నాలుగు వారాలు కాన్పుకి ముందే వాడుకున్నాను కాబట్టి పాపకి ఐదు నెలలు నిండగానే ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ పాలు తీసుకోవడానికి ఒక చిన్న గది ఉంది. రోజుకి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు. ఆ గదిలోకి లాప్‌టాప్ తీసుకెళ్ళను, అది నేను పెట్టుకున్న నియమం. పుస్తకంలో గుర్తుగా పాప ఫోటో పెట్టుకున్నాను. ముందు ఫోటో చూస్తాను, పాలు దిగడం మొదలవుతుంది, అప్పుడు పేజీలోకి వెళ్తాను.

పోయిన శనివారం కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి కబ్బన్ పార్కుకి వెళ్ళాం. 2023 నుంచి అక్కడ శనివారాలు పొద్దున జనం చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటున్నారు. అంతమంది ఉన్నా మాట వినపడదు. పాప ఏడిస్తే ఎలా అని నాకు టెన్షన్. ఏడ్చింది కూడా. పక్కావిడ తల కూడా ఎత్తకుండా తన సంచి జరిపి నీడలో మాకు చోటిచ్చింది. మా ఆయన పాపని ఎత్తుకుని ఎర్ర లైబ్రరీ భవనం వైపు వెళ్ళారు. గంటలో రెండు కథలు, ఆగకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివాను. రెండోది అయ్యాక కాసేపు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఎన్నాళ్ళయిందో అలా కూర్చుని.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెబితే, "మన కథ సగంలో ఆగింది, గుర్తుందా?" అంది. ఆ పుస్తకం గూడూరులోనే ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం స్పీకర్ పెట్టుకుని వింటానన్నాను. ఆ పిల్ల ఇంకా నోరు తెరవలేదట. ముందే చదివేయబాకమ్మా అని గట్టిగా చెప్పాను.