మొదటి పీరియడు తెలుగు

మన 1989 మార్చి బ్యాచ్ సంచికకు తలా ఒక వ్యాసం పంపాలని కార్యవర్గం వారు తీర్మానించినప్పుడు, రాయగలవాళ్లు చాలామంది ఉన్నారు కదా అని నేను ఊరుకున్నాను. గడువు దాటిన తరువాత కూడా అడగడం మానకుండా, "బడిపంతులమ్మవై ఉండి నువ్వే తప్పించుకుంటే ఎలా" అని మన కోశాధికారి నిష్ఠూరమాడడంతో కలం పట్టక తప్పలేదు. ఐదేళ్ల జ్ఞాపకాలను రెండు పేజీలలో పొందుపరచమన్నారు గానీ, నాకు అది చేతకాదు. ఎనిమిది బి వానరసేన సంగతీ, ఇన్‌స్పెక్షన్ రోజున గంట మాయమైన వైనమూ ఎలాగూ అబ్బాయిలు రాస్తారు. గొడుగు సంగతి మాత్రం ఎవరూ రాయకపోతే అందరికీ మర్యాదగా ఉంటుంది. నేను రాయదలచుకున్నది ఒకే ఒక విషయం: మనం తొమ్మిదిలో ఉండగా, మనం నిలువుగీత అని పేరు పెట్టుకున్న పెద్దాయన మన బడికి ప్రధానోపాధ్యాయులుగా వచ్చి, తెలుగును మధ్యాహ్నం రేకుల షెడ్డులోనుంచి ఉదయం మొదటి పీరియడుకు తీసుకురావడం.

అంతకుముందు మన తెలుగు చదువు ఎలా సాగేదో ఒక్కసారి తలచుకోండి. మనకు తెలుగు చెప్పిన అరసున్న మాస్టారి పాండిత్యానికి ఏ లోటూ లేదు. గజేంద్ర మోక్షం చెబుతూ ఆయన గొంతెత్తితే పక్క గదిలో సోషల్ పాఠం ఆగిపోయేది. కానీ ఆయనకు దక్కేవి భోజనాల తరువాత వచ్చే పీరియళ్లు. పిల్లలు నిద్రకు తూగే వేళ, రేకులు కాగే వేళ. ఏ మాస్టారు సెలవు పెట్టినా ఖాళీ పూరించడానికి ముందుగా ఆయన పేరే రాసేవారు. పరీక్షలు దగ్గర పడితే "ఒక్కవారం మీ పీరియడు లెక్కలకు ఇవ్వండి" అని అడిగేది కూడా ఆయననే. ఆ రోజుల్లో రెండో గ్రేడు తెలుగు పండితులకు, లెక్కలూ సైన్సూ వంటివి చెప్పే స్కూల్ అసిస్టెంట్ల కంటే తక్కువ జీతం స్కేలు ఉండేదనీ, ఆ పోస్టులను ఉన్నతీకరించాలని వారు దశాబ్దాల పాటు అడుగుతూనే ఉన్నారనీ నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. స్టాఫ్ రూములో ఆయన కుర్చీ తలుపు పక్కన ఎందుకుండేదో అప్పుడు బోధపడింది. ఇక పాఠం అంటే ముందు బెంచీ వాళ్లలో ఒకరు పైకి చదవడం, తక్కినవాళ్లం పుస్తకంలో వేలు పెట్టుకుని కూర్చోవడం, ఆ తరువాత నల్లబల్ల మీది జవాబులు ఎక్కించుకోవడం. గైడులో ఉన్నదే నోట్సులోకి, నోట్సులో ఉన్నదే పరీక్ష పేపరులోకి చేరేది. అలా మనకు మార్కులూ బాగానే వచ్చేవి.

నిలువుగీత గారు లెక్కల మనిషి. వచ్చిన కొత్తలో ఏ మార్పూ చేయకుండా, ఏదో ఒక తరగతిలో చివరి బెంచీ మీద మోకాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని పాఠం విని వెళ్లిపోయేవారు. ఆ తరువాత ఆరో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే తమ గదికి పిలిపించి, పాఠ్యపుస్తకంలో లేని పేరా ఒకటి చేతికిచ్చి చదవమన్నారు. బయట వరసలో నిలబడ్డ పిల్లల ముఖాలు చూసి మనం నవ్వుకున్నాం, ఆ మరుసటి వారం మన వంతు వచ్చేదాకా. పుస్తకంలోని పాఠాలను గడగడ అప్పజెప్పేవారు కొత్త పేరా దగ్గర మాటమాటకూ ఆగిపోయారనీ, వడ్డీ లెక్క తప్పుతున్న వారిలో చాలామందికి కూడికలు, హెచ్చవేతలు వచ్చునుగానీ లెక్కలోని వాక్యాన్ని చివరిదాకా చదివి అది ఏమడుగుతున్నదో చెప్పడం రావడం లేదనీ ఆయన అసెంబ్లీలో అందరి ముందూ చెప్పారు. ఏ ఒక్క పిల్లవాడి పేరూ, ఏ ఒక్క మాస్టారి పేరూ ఎత్తలేదు. పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చూసే అసర్ సర్వే వారు 2005 నుంచి ఊరూరా ఇళ్లకు వెళ్లి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి రెండో తరగతి స్థాయి పాఠం చదివించి చూస్తున్నారు. ఆ నివేదిక వెలువడిన ప్రతిసారీ నాకు మన హెడ్మాస్టరు గారి గది ముందరి వరస కళ్లకు కడుతుంది.

టైంటేబుల్ మార్చినప్పుడు స్టాఫ్ రూములో జరిగిన గొడవ మనకు గోడ అవతలి నుంచి సగమే వినిపించింది. మిగతా సగం నేను చాలాకాలం తరువాత సైన్సు మేడమ్ గారి నోట విన్నాను. అన్ని తరగతులకూ మొదటి రెండు పీరియళ్లలో ఏదో ఒకటి తెలుగు కావాలని నిలువుగీత గారు అన్నారట. పిల్లల బుర్రలు చురుగ్గా ఉండే వేళ లెక్కలకూ, సైన్సుకూ ఉండాలని అసిస్టెంట్లు పట్టుబట్టారట. అప్పుడు ఆయన వాదనకు దిగకుండా, పదో తరగతికి తాము స్వయంగా చెప్పే లెక్కల పీరియడును కొట్టివేసి భోజనాల తరువాతి గడిలో రాసుకున్నారు. ఆ పైన ఎవరూ నోరు మెదపలేదు. తెలుగు పండితులను ఖాళీ పీరియళ్లకు పంపకూడదని ఆర్డర్ల పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించారు. నేను ఇప్పుడు హెడ్మిస్ట్రెస్‌గా టైంటేబుల్ వేసే మనిషిని కాబట్టి చెబుతున్నాను: ఒక బడి దేనికి విలువ ఇస్తున్నదో తెలియాలంటే గోడల మీది సూక్తులు చదవనక్కరలేదు, సోమవారం మొదటి పీరియడు ఎవరిదో చూస్తే చాలు.

అసలు పోరాటం ఎర్ర సిరా దగ్గర వచ్చింది. అరసున్న మాస్టారు దిద్దిన కంపోజిషన్ నోట్సు ఎలా ఉండేదో మీకు వేరే చెప్పాలా! మనం నీలం సిరాతో రాసిన దానికంటే ఆయన ఎర్ర సిరాతో రాసినది ఎక్కువగా ఉండేది, మనమేమో మార్కు చూసుకుని నోట్సు మూసేసేవాళ్లం. నిలువుగీత గారు శనివారాలు ఆఖరి పీరియడులో పిల్లలను ఆటలకు వదిలి, మాస్టర్లందరినీ కూర్చోబెట్టి, ఏదో ఒక తరగతి నుంచి మూడు నోట్సులు తెప్పించి అందరిచేతా చదివించే పద్ధతి పెట్టారు. అక్కడే ఒక ప్రతిపాదన చేశారు: ఒక వ్యాసంలో ఒకే రకం తప్పు దిద్దాలి. ఈసారి ఒత్తులు మాత్రమే, మరోసారి వాక్యం ఎక్కడ ముగిసిందో మాత్రమే, ఇంకోసారి చెప్పినదే మళ్లీ చెప్పారా అన్నది మాత్రమే. దిద్దిన చోటును పిల్లలు తిరగరాసి తెచ్చేదాకా కొత్త వ్యాసం ఇవ్వకూడదు. తప్పును చూస్తూ చూస్తూ వదిలేయడమంటే భాషాద్రోహమేనని మాస్టారు కొన్నాళ్లు హెడ్మాస్టరు గారితో మాటలు మానేశారు. పెద్దాయన మాత్రం పట్టు వదలకుండా, రోజూ ఆయన క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని, మనతో పాటు కంపోజిషన్ రాసి, మనతో పాటే వరసలో నిలబడి దిద్దించుకునేవారు. హెడ్మాస్టరు గారి నోట్సులో ఒత్తు తప్పు పట్టిన రోజున మాస్టారి ముఖం చూడాలి! మాటలు కలిసింది ఆ రోజే.

ఇక మన థర్మామీటరు గాడు రాసిన వ్యాసం. ఈ పేరు వాడికి ఎందుకు వచ్చిందో సంచిక చదివే వారందరికీ తెలుసు. వాడి భార్యకు మాత్రం ఇప్పటికీ తెలియదట. జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే మన క్లాసు సగం ఖాళీ అయ్యేది. పొగాకు కోతలు, కర్రలకు ఆకు గుచ్చడాలు, పొగాకును వేడితో ఎండబెట్టే కొట్టాలైన బ్యారన్ల దగ్గర కాపలాలు. అలా బడి మానేసిన వాళ్లను తిరిగి వచ్చాక శిక్షించడం వాడుక. ఆ ఏడు శిక్షకు బదులుగా, వాళ్లు చేసి వచ్చిన పనిని చూడని మనిషికి అర్థమయ్యేలా రాయాలన్నారు. వీడు బ్యారన్ దగ్గర రాత్రి కాపలా గురించి రాశాడు. పచ్చి ఆకు పండే దాకా వేడిని తొంభై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర ఎలా నిలపాలో, మొద్దు ఎగదోస్తే ఎంత పెరుగుతుందో, ఎండిన ఆకు ఒక్కటి కాలే గొట్టం మీద రాలితే బ్యారన్ మొత్తం ఎలా అంటుకుంటుందో, చివర్లో ఈనె ఎండడానికి నూట అరవై దాకా ఎందుకు తీసుకుపోవాలో, అన్నీ వరసగా రాశాడు. అప్పటిదాకా వ్యాసమంటే వాడు నాలుగు వాక్యాలు దాటినవాడు కాడు.

ఆ నోట్సును నిలువుగీత గారు మన క్లాసుకు తెచ్చి, నల్లబల్ల మీద అడ్డంగా గంటలు, నిలువుగా డిగ్రీలు వేసి, వాడిని పైకి చదవమని, వాడు చదివిన కొద్దీ చుక్కలు పెట్టుకుంటూ పోయారు. రెండో రాత్రి దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క ఆగిపోయింది. మొదటి రాత్రి తరువాత వాడు ఏకంగా మూడో పొద్దుకు వెళ్లిపోయాడు. మధ్యలో వేడి ఎంతో రాయలేదు. "అప్పుడు నేను నిద్రపోయానండీ, మా నాన్న చూశాడు" అన్నాడు. క్లాసు గొల్లుమంది. అరసున్న మాస్టారు మాత్రం నవ్వకుండా లేచి, చదివేవాడికి ఎక్కడ దారి తెగిందో గీత చెబుతున్నది కనుక, ఇంటికి వెళ్లి నాన్నను అడిగి ఆ రాత్రిని రాసుకు రమ్మన్నారు. వాడు తెచ్చాడు. మరునాడు గీత కలిసింది. వర్ణన, క్రమం, పొందిక అని మాస్టారు ఏళ్ల తరబడి చెప్పినవి ఆ ఒక్క తెగిన గీతతో మనకు పట్టుబడ్డాయి. పట్టించినవారు తెలుగు మాస్టారా, లెక్కల మాస్టారా అని మనం రావిచెట్టు కింద కొట్టుకున్నాం. అది ఇంకా తేలలేదు.

బీరువా సంగతి కూడా కొంత చెప్పాలి. గ్రంథాలయమని రాసి ఉన్న ఆ ఇనప బీరువా తాళంచెవి అంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో ఇప్పటికీ రహస్యమే. నిలువుగీత గారు ఆ తాళం తీయించి, పుస్తకాలు పోతే ఎవరి జీతంలోనూ పట్టుకోబోమని భరోసా ఇచ్చి, తరగతికి ఒక పెట్టె చొప్పున పంచేశారు. కొన్ని పుస్తకాలు పోయాయి కూడా. పోయినవి బాగున్న పుస్తకాలేనని ఆయన సంతోషించారు. చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక పాఠశాలల మాస్టర్లను నెలకొకసారి పిలిచి, వారి దగ్గరి నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో వారికే చూపించేవారు. ఉన్నత పాఠశాలను చుట్టూ ఉన్న చిన్న బడులతో కలిపి స్కూల్ కాంప్లెక్సుగా నడపాలని 1964-66 కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఆ మాటనే మళ్లీ ఎత్తుకుంది. మన ఊళ్లో అది కాగితం మీది నుంచి దిగి వచ్చినది ఆయన కాలంలోనే.

పదో తరగతి గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. చదివాం, రాశాం, విడిపోయాం. తరువాత నేను తెలుగు ఎం.ఏ., బి.ఇడి. చేసి, డి.ఎస్సీ.లో ఎంపికై, పక్క జిల్లాలో ఉద్యోగం చేస్తూ, ఇప్పుడు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నాను. ఎం.ఏ. చదివే రోజుల్లో 1906-07 ప్రాంతంలో వాడుక భాష ఉద్యమం మొదలైన కథ ఒకటి నన్ను పట్టుకుంది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొర, బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకని అడగడం, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నను అందిపుచ్చుకోవడం అందరూ చదివినదే. అయితే ఆ గిడుగు పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి అన్న సంగతి నాకు అప్పుడే కొత్తగా తోచింది. తెలుగు బోధన బాగుపడే కదలిక తెలుగు గదికి బయటి నుంచి మొదలుకావడం మన బడితోనే మొదలు కాలేదన్నమాట. కాకపోతే ఆ కదలికను చివరకు తరగతిలో నిలబెట్టవలసినవాడు పండితుడే. ఆ సంగతి తెలిసినందువల్లనే నిలువుగీత గారు పేరంతా అరసున్న మాస్టారికి వదిలేశారని నా నమ్మకం. బదిలీ మీద వెళ్లేటప్పుడు సన్మానం తమకు వద్దని, ఆ శాలువా మాస్టారికి కప్పించిన రోజున మీరంతా అక్కడే ఉన్నారు.

నా బడిలో మొదటి పీరియడు తెలుగే. శనివారం మూడు నోట్సులు చదివే అలవాటూ ఉంది. మా ఫిజిక్స్ మాస్టారు మొదట విసుక్కుని, ఇప్పుడు ల్యాబు రికార్డులు కూడా తెచ్చి చదివిస్తున్నారు. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, అందుకు 2026-27ను గడువుగా పెట్టుకుని, 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైనప్పుడు, మా కాంప్లెక్సు పరిధిలోని ఉపాధ్యాయులకు నాచేత పాఠాలు చెప్పించారు. అక్కడ నేను బల్ల మీద అడ్డంగా గంటలు, నిలువుగా డిగ్రీలు వేసి బ్యారన్ వ్యాసమే చెప్పాను. థర్మామీటరు అనుమతి తీసుకోలేదు.

చివరగా, పునస్సమ్మేళనం గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టించాలన్న తీర్మానం గురించి నా అభిప్రాయం అడిగారు కనుక రాస్తున్నాను. ఆర్చికి నేను వ్యతిరేకిని కాను, నా వాటా ఎటూ పంపుతాను. కానీ ఆ డబ్బులో కొంతైనా పెట్టి ప్రతి తరగతి గదిలోనూ తలుపులు లేని ఒక పుస్తకాల అర, ఏటా కొన్ని కొత్త పుస్తకాలు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడాను, స్థలం చూపిస్తామన్నారు. అరల కొలతలు తీసి పంపే పని మన వడ్రంగి మిత్రుడు ఒప్పుకున్నాడు. అమెరికాలో ఉన్నవాళ్లు డాలర్ల లెక్క కోశాధికారితో తేల్చుకోవాలి.