మిరప కోతలప్పుడు పేరెంట్స్ మీటింగు

పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తిని ప్లేట్లు కడుక్కుంటుండగా, ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళమ్మ గేటు దగ్గర్నుంచే కేకలేసుకుంటూ వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక నీలం మాత్ర తీసి నా టేబుల్ మీద పెట్టి, "ఏంటి మేడమ్ ఇది? మా పిల్లకి ఏం మింగిస్తన్నారు? రెండ్రోజుల్నుంచి నల్లగా వెళ్తందంట. ఇవి పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్రలంటగా?" అంది. మిరప కోతలోంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఇంకా ఆ ఘాటు అలాగే ఉంది, ఆమె నా ఎదురుగా కూర్చున్న ఐదు నిమిషాల్లో నేను నాలుగుసార్లు తుమ్మాను.

అది ఐరన్ మాత్ర. అరవై మిల్లీగ్రాముల ఇనుము, కొంచెం ఫోలిక్ యాసిడ్. వారానికొకటి, అన్నం తిన్నాక వేసుకోవాలి. ఇనుము ఒంట్లోకి వెళ్తే విరేచనం నల్లగా అవడం మామూలే, భయపడాల్సిందేం లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, అందుకే ఇస్తున్నాం అని చెప్పాను. ఆమె అంతా విని, కాస్త చల్లబడి, "మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?" అంది. పిల్లలకి చెప్పామమ్మా అన్నాను. "దానికి చెప్తే ఏం లాభం మేడమ్. అది ఇంటికొచ్చి నన్నడిగింది. నాకేం తెలుసు?"

నిజమే కదా. రక్తహీనత గురించి ఆ క్లాసుకి నేను చార్టులు గీసి మరీ చెప్పాను. వాళ్ళమ్మకి ఒక్కసారి కూడా చెప్పలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఊరు పల్నాడు వైపు, అంతకంటే చెప్పను. 2020లో కేంద్రం పెట్టిన స్కూల్ హెల్త్ ప్రోగ్రాం కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లని 'హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు'గా వేస్తారు, మా బడిలో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. పేరు చూస్తే ఎర్రబుగ్గ కారు ఇచ్చినట్టుంటుంది గానీ ఉన్న పీరియడ్లలో ఒక్కటీ తగ్గదు. ఎదుగుదల, మానసిక ఆరోగ్యం, పోషకాహారం, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ వాడకం, ఇలా 11 అంశాలు. ఇవి కాక పై నుంచి అప్పుడప్పుడూ కిశోర బాలికల సాధికారత అని ఇంకో కార్యక్రమం వస్తుంది, ఆత్మరక్షణ శిక్షణ వస్తుంది, బ్యానర్ కట్టాలి, ఫోటో తీయాలి, సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలి. ఫోటోలో పిల్లలు ఎంతమంది కనిపిస్తున్నారో లెక్క అడుగుతారు గానీ వాళ్ళకేం అర్థమైందో నన్నింతవరకూ ఎవరూ అడగలేదు.

సరే, వెటకారం ఆపి అసలు సంగతికి వస్తా.

మా బడిలో ఒక ప్రశ్నల పెట్టె ఉంది. బూట్ల డబ్బాకి రంగు కాగితం అంటించి పైన చీలిక పెట్టాం, అంతే. పేరు రాయక్కర్లేదు. మొదటి వారం సగం జోకులు, హీరోల పేర్లు. మూడో వారం నుంచి అసలైనవి రావడం మొదలయ్యాయి. 'నాకింకా మీసాలు రాలేదు, ఏమన్నా జబ్బా?' 'అక్క బయట చేరినప్పుడు ముట్టుకుంటే నాకేమన్నా అవుద్దా?' 'మా నాన్న తాగొచ్చి కొడతాడు, ఎవరికి చెప్పాలి?' ఈ చివరి దానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు మీద రాసి, ఒక నెలంతా చెరపకుండా ఉంచాం. రాసిందెవరో కనిపెట్టడానికి ఇంకో రెండు వారాలు పట్టింది, దాని గురించి ఇక్కడ రాయను.

ఇంకో చీటీ మాత్రం నా పర్సులో ఇప్పటికీ ఉంది. గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం, ఆకుపచ్చ ఇంకు. 'ఇంటర్ చదువుతానని ఇంట్లో ఎట్టా అడగాలి?'

చదవొచ్చా అని అడగలేదు చూడండి. చదవాలని ఆ పిల్లకి తెలుసు, పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకూడదన్న చట్టం గురించీ తెలుసు, ఎందుకంటే 2006 నాటి ఆ చట్టం మీద వ్యాసరచన పోటీ పెడితే మా పిల్లలు ప్రైజులు కొట్టుకొచ్చారు. తెలియందల్లా ఆ మాట ఇంట్లో ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎలా ఎత్తాలన్నది. 'ధైర్యంగా నో చెప్పండి' అని మేం మాడ్యూల్ చూసి చెప్తాం. ఎవరికి చెప్తుంది నో? అన్నం పెట్టే నాన్నకా? ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయిపోయింది. వీళ్ళంతా చట్టం తెలియక చేసుకున్నవాళ్ళు అనుకోను నేను.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటి ఏడాది నెలసరి గురించిన క్లాసు పెట్టినప్పుడల్లా మగపిల్లల్ని గ్రౌండ్‌కి పంపేసేదాన్ని, పీఈటీ సారు వాళ్ళతో ఖోఖో ఆడించేవాడు. అప్పట్లో అదే మర్యాద అనిపించింది. ఆ తర్వాత హర్యానాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం గురించి చదివాను. 314 ప్రభుత్వ బడులు తీసుకుని, వాటిలో దాదాపు సగం బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపే కూర్చోబెట్టి, రెండున్నరేళ్ళపాటు ఆడా మగా సమానత్వం గురించి మాట్లాడించారు. పిల్లల ఆలోచనలు మారాయి. ఇంటి పని చేస్తున్నామని చెప్పిన మగపిల్లలు పెరిగారు. కానీ నడవడికలో మార్పు ఎక్కువగా కనిపించింది మగపిల్లల్లోనే. ఆడపిల్లల మనసు మారినా వాళ్ళ రోజు మారాలంటే ఇంట్లో ఇంకొకరు ఒప్పుకోవాలి కదా. అది చదివాక ఖోఖో మానేశాం. మొదటి పది నిమిషాలు వెనక బెంచీల్లో ఇకఇకలు తప్పవు, తర్వాత వాళ్ళే సర్దుకుంటారు.

అంటే మిగిలింది తల్లిదండ్రులు. కిందటేడు జనవరిలో మొదటి మీటింగు పెట్టాం, మధ్యాహ్నం మూడింటికి. 140 మంది ఇళ్ళకి చీటీలు పంపితే వచ్చింది పదకొండు మంది, అంతా తల్లులే, అందులో ఇద్దరు చంటిపిల్లల తల్లులు కాబట్టి పనికి వెళ్ళలేదు. స్టాఫ్‌రూంలో ఒకరు "వీళ్ళకి పిల్లల మీద శ్రద్ధ ఉంటేగా" అన్నారు. నేనూ తలూపాను, నిజం చెప్తున్నా.

మా వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే పిల్లల్నేసుకుని వలస వస్తాయి ఈ పనికి, ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుంటారా? తెల్లారకముందే ఆటో ఎక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి దిగుతారు. మూడింటికి మీటింగంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. పోనీ వస్తే మేం చెప్పేదేంటి, 'మీ పిల్లలు సరిగ్గా చదవడం లేదు' అని. కూలి పోగొట్టుకుని తిట్లు తినడానికి ఎవరొస్తారు చెప్పండి.

మాత్ర పట్టుకొచ్చిన ఆమే దారి చూపించింది. "రాత్రి ఏడింటికి మా పేటలోకి రండి మేడమ్, అందరూ ఉంటారు" అంది. హెడ్మాస్టరు గారు కాస్త గొణిగి, తర్వాత ఆయనే బైకు మీద వచ్చారు. మొదటి వారం పేటలో చర్చి ముందు, రెండో వారం ఊళ్ళో రామాలయం అరుగు మీద. రామాలయం దగ్గర మగాళ్ళు ఎలాగూ కూర్చునే ఉంటారు, వాళ్ళని పిలవాల్సిన పనే లేదు, లేచి వెళ్ళడానికి మొహమాటపడ్డారు.

ఉపన్యాసం ఇవ్వలేదు. పెట్టెలో వచ్చిన చీటీలు కొన్ని తీసుకెళ్ళాను. దస్తూరీ గుర్తుపట్టకుండా అన్నీ నేనే తిరగరాసి, ఎవరిదో తెలిసిపోయే వివరాలేవన్నా ఉంటే తీసేసి, పాత ఏళ్ళవీ కలిపాను. ఒక్కొక్కటే చదివాను. మీసాల ప్రశ్నకి అందరూ నవ్వారు. తాగుడు ప్రశ్నకి ఎవరూ నవ్వలేదు, వెనక ఒకాయన బీడీ ఆర్పి చెప్పు కింద నలిపాడు. ఇంటర్ చీటీ చదివాక మాత్రం గోడకి ఆనుకుని కూర్చున్న ఒక తండ్రి లేచి, "ఇది మా పిల్లే రాసిందా మేడమ్?" అన్నాడు. ఎవరు రాశారో చెప్పనండి అన్నాను. మీటింగయ్యాక నేను చెప్పులేసుకుంటుంటే ఇంకొకాయన పక్కకి వచ్చి అదే అడిగాడు, మెల్లగా. మర్నాడు పొద్దున బడి దగ్గరికి మూడో ఆయన. ముగ్గురికీ టెన్త్ చదివే కూతుళ్ళు. రాసింది ఆ ముగ్గురిలో ఎవరి కూతురూ కాదు!

తర్వాతి మీటింగులో ఆ సంగతే కదిపితే, చదువు వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళ భయాలు వేరు. జూనియర్ కాలేజీ తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున బస్సు ఉంది, సాయంత్రం కాలేజీ వదిలాక గంటన్నర దాకా లేదు. ఆ గంటన్నర ఆడపిల్ల బస్టాండులో నిలబడితే ఎవడో ఒకడు మాట్లాడిస్తాడు, అది ఊళ్ళోకి ఇంకోలా వస్తుంది, ఆ పైన సంబంధాలు రావు. ఇదీ లెక్క. ఈ లెక్క తప్పని నేను క్లాసులో వంద చెప్పగలను, ఆ గంటన్నరని మాత్రం చెరపలేను. చివరికి ఏం చేశారంటే, ఐదు కుటుంబాలు కలిసి ఊళ్ళో తెలిసిన ఆటో అతన్ని నెలవారీగా మాట్లాడుకున్నాయి. ఈ జూన్‌లో ఐదుగురూ కాలేజీలో చేరారు. ఆరో అమ్మాయికి మే నెలలోనే పెళ్ళయింది, పద్దెనిమిది నిండాయన్నారు, ఆధార్ చూపించారు. నాకు నమ్మకం లేదు. అక్కడ నేను ఓడిపోయాను.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నెలసరి గురించి బడిలో మగపిల్లల ముందు చెప్తున్నారని రామాలయం దగ్గర ఇద్దరు గొడవ చేశారు, సిగ్గూ లజ్జా ఉండక్కర్లేదా అని. ఆ మాటంటున్న పెద్దమనిషి వెనకాలే, సెంటర్లో, ఎనిమిదడుగుల ఫ్లెక్సీ. కిరీటం పెట్టుకున్న పన్నెండేళ్ళ పిల్ల ఫోటో, చుట్టూ మేనమామలు, బాబాయిలు, స్థానిక నాయకుడు, పైన 'ఓణీల వేడుకకు సుస్వాగతం'. అంటే పిల్ల పెద్దమనిషి అయిన సంగతి బస్సులో పోయేవాడికి కూడా తెలియొచ్చు, ఎందుకవుతుందో మాత్రం పక్క బెంచీ పిల్లాడికి తెలియకూడదు. నేను ఆ ఫ్లెక్సీ వైపు వేలు చూపించి ఊరుకున్నాను. ఆడవాళ్ళు ముందు నవ్వారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది గుర్తుందా, తర్వాత 2025 జులైలో మళ్ళీ. ముగ్గులు, ఆటలు, అందరికీ భోజనాలు. నాకు నచ్చింది, బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు తొక్కారు. కానీ మైకు ముందు ఎవరూ 'మావాడు నాతో మాట్లాడటం లేదండీ' అనరు. దానికి చీకటి, అరుగు, తెలిసిన మొహాలు కావాలి.

బీహార్ నలంద జిల్లాలో చేసిన ఇంకో అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 74 హైస్కూళ్ళు. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో విడిగా వేసిన కౌన్సెలర్‌తో, కొన్నింట్లో టీచర్లతో నడిపించారు. కౌన్సెలర్లున్న బడుల్లో బడి వాతావరణం మెరుగుపడింది, పిల్లల దిగులు, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. మొదటిసారి చదివినప్పుడు నాకు చిన్నతనమనిపించింది. తర్వాత నా టైంటేబుల్ చూసుకున్నాను. మార్కులేసే మనిషి దగ్గరికి వచ్చి మనసు విప్పమంటే పిల్లలు మాత్రం ఎలా విప్పుతారు? బడికొకరు కాకపోయినా మూడు బడులకొక కౌన్సెలర్‌ని ఇవ్వండి మహాప్రభో, ఆ అంబాసిడర్ పదవి సంతోషంగా వదులుకుంటాను.

అంతవరకూ ఏడింటి మీటింగులే దిక్కు. పోయిన నెల పెట్టె తెరిస్తే పెద్దవాళ్ళ దస్తూరీతో ఒక చీటీ వచ్చింది, ఎవరో పిల్లల చేత వేయించినట్టున్నారు. 'మావాడు ఫోన్ ఇవ్వకపోతే అన్నం తినటం లేదు. కొడితే మంచిదా, ఇచ్చేస్తే మంచిదా?' వచ్చే మీటింగులో దీనికి నేను జవాబు చెప్పాలి. ఇది రాస్తున్న ఈ నిమిషానికి మా తొమ్మిదో తరగతి పుత్రరత్నం పక్క గదిలో తలుపేసుకుని ఉన్నాడు, ఫోన్ నా చేతిలో ఉంది, అన్నం టేబుల్ మీద చల్లారిపోతోంది.