పూల నోట్‌బుక్: శ్రావణం నుంచి బతుకమ్మ దాకా

ఈ సీజన్‌లో పద్ధతి మార్చాను. విచ్చుకున్న పువ్వు బొమ్మ గీసే ముందు దాని మొగ్గను కోసి చూస్తున్నాను. ఇప్పటిదాకా నోట్‌బుక్ నిండా ఆకారాలే. ఉమ్మెత్త గరాటు ఆకారం, తులసి రెండు పెదవులది, బిళ్ళగన్నేరు సన్నటి గొట్టం మీద చదునుగా పరుచుకున్నది. ఇవి చూడగానే ఎవరైనా చెప్పేస్తారు. మొగ్గలో రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా సర్దుకున్నాయో, అంటే పుష్పరచన, అది మాత్రం పువ్వు విచ్చుకున్నాక సరిగ్గా తెలియదు. మొక్క ఏ కుటుంబానిదో పట్టుకోవడానికి ఆకారం కన్నా అదే ఎక్కువ పనికొస్తోంది.

సామాను పెద్దగా ఏం లేదు. సగానికి విరిచి ఒక అంచుకి ప్లాస్టర్ చుట్టిన కొత్త బ్లేడు, 10 రెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం), రెండు సూదులు, థర్మోకోల్ ముక్క మీద అంటించిన నల్ల చార్టు. పసుపు, తెలుపు భాగాలు నలుపు మీదే బాగా కనపడతాయి. మైక్రోస్కోప్‌కి ఇప్పుడే డబ్బు తగలెయ్యొద్దు, మంచి లూప్ చాలు. మొగ్గ మర్నాడు విచ్చుకునేదై ఉండాలి, మరీ లేతదైతే బ్లేడు కింద నలిగిపోతుంది. సగానికి కాస్త పైన అడ్డంగా, ఒక్క లాగుడులో కోయాలి. కోసిన చోట నీటి చుక్క వేస్తే అంచులు ముడుచుకోవు. ఆ పూట తీరిక లేకపోతే తడి టిష్యూలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి బాగానే ఉంటుంది.

మందారంతో మొదలుపెట్టాను. ఒంటిరెక్కదే కావాలి. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రేకులైపోతాయి, లెక్క తేలదు. అడ్డకోతలో రక్షక పత్రాల (బయటి ఆకుపచ్చ రేకుల) అంచులు పక్కపక్కన ఆనుకుని ఉన్నాయంతే, ఇది కవాటయుతం. లోపలి ఐదు ఆకర్షణ పత్రాల్లో (రంగు రేకుల్లో) ప్రతిదానికీ ఒక అంచు పక్కదాని మీద, రెండో అంచు ఇంకోదాని కింద ఉంది, ఇది మెలితిరిగిన రచన. అండాశయం కోస్తే 5 గదులు, అండాలు నడిమి అక్షానికి అంటుకుని ఉన్నాయి: అండాల ఈ అమరికే స్తంభ అండన్యాసం. దీని జిగురుతో బ్లేడు జారుతుంది, ప్రతి కోతకీ తడిగుడ్డతో తుడుచుకోండి.

ఎక్కువ సమయం తీసుకున్నవి శంఖపుష్పం, తంగేడు. రెండూ చిక్కుడు కుటుంబానివే, ఫాబేసీ. శంఖపుష్పంలో ఒక పెద్ద రేకు ధ్వజం, రెండు పక్క రేకులు బాహువులు, వాటి మధ్య పడవలాంటి ద్రోణి. మొగ్గలో ధ్వజం అన్నిటికన్నా బయట ఉండి మిగతావాటిని కప్పేస్తుంది. చిక్కుడు పువ్వులో ధ్వజం పైకి నిలబడుతుంది కదా, శంఖపుష్పంలో పువ్వే తలకిందులవుతుంది కాబట్టి కిందికి పరుచుకుంటుంది. బొమ్మ వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

తంగేడులో సరిగ్గా తిరగేసి ఉంది. పైరేకు అన్నిటికన్నా లోపల ఉంటుంది, పక్క రేకులు దాని అంచుల్ని కప్పుతాయి. విచ్చుకున్నాక ఐదు పసుపు రేకులూ ఇంచుమించు ఒకలా కనిపిస్తాయి, అంచులు ముడతలతో, మొదట్లో సన్నటి కాడతో. పైనుంచి ఫొటో తీసుకుని కూర్చుంటే ఈ తేడా దొరకదు.

కేసరాలు 10. పైవైపు మూడూ పొట్టివి, వంధ్యకేసరాలు, అంటే పుప్పొడి ఇవ్వనివి. కిందివైపువి పొడుగ్గా వంగి ఉంటాయి. లూప్ కింద పరాగకోశం (కేసరంలో పుప్పొడి ఉండే సంచి) కొన దగ్గర చిన్న రంధ్రం కనిపించింది. మందారంలోలా చీలి పుప్పొడి బయటపెట్టడం ఇక్కడ ఉండదు. పెద్ద నల్ల తుమ్మెద వాలి గుయ్‌మని అదిరిస్తే ఆ రంధ్రంలోంచి పొడి చిమ్ముతుంది. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో పొద్దున్నే నిలబడితే ఆ చప్పుడు వినపడుతుంది, ఎగిరేటప్పటి చప్పుడు కన్నా సన్నగా ఉంటుంది. బతుకమ్మకి మార్కెట్లో తంగేడు కట్టలు దొరుకుతాయి గానీ వాటిలో కేసరాలు సగం రాలిపోయి ఉంటాయి, చెట్టు మీద కోసుకున్నదే మేలు.

ఉమ్మెత్త ఒకే పేజీలో ముగించాను. ఫలదళాలు (అండాశయం ఏర్పడే భాగాలు) రెండే అయినా అడ్డగోడ వల్ల అండాశయంలో నాలుగు గదులు కనిపిస్తాయి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, చేతికంటిన రసం కంట్లో పడితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. పిల్లలున్న ఇంట్లో బ్లేడూ ముక్కలూ వెంటనే తీసేయాలి.

ఇక జిల్లేడు. దాని పాలు కూడా కంటికి ప్రమాదమే, కాబట్టి తెంపిన మొగ్గల్ని కాసేపు నీళ్ళలో ఉంచి పాలు కారనిచ్చి కోస్తాను. కేసరాలూ కీలాగ్రమూ (పుప్పొడి అందుకునే కొన) అతుక్కుపోయి ఉండే పువ్వది, పరాగపిండాన్ని (ముద్దగా ఉండే పుప్పొడిని) సూదికొనతో బయటికి లాగాలి. బంతిలో ఒక్కో పువ్వూ నిజానికి చిన్న పూల గుత్తి, కాబట్టి దానికి వేరే పేజీలు కావాలి. దీపావళి నాటికి మొదలుపెట్టొచ్చు.