దిగమింగుకోవడం, సర్దిచెప్పుకోవడం: నా అనుభవం

అనంతపురంలో అద్దె గదిలో ఉంటూ డీఎస్సీకి చదువుకుంటున్న రోజుల్లో, నా 23వ ఏట, రాత్రిపూట ఫ్యాను తిరిగే చప్పుడులో ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపించడం మొదలైంది. ఫ్యాను ఆపితే పిలుపూ ఆగిపోయేది గనుక అది నా చెవి చేస్తున్న పనేనని నాకు తెలుస్తూనే ఉండేది. సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతున్నప్పుడు పక్కన నిలబడి నవ్వినవాళ్లు నన్ను చూసే నవ్వారన్న అనుమానం మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. అది నిజం కాదని నాకు నేనే చెప్పుకున్నా, గదికి వచ్చి గడియ పెట్టుకున్న తర్వాత కూడా గంటసేపు గుండె దడదడలాడుతూనే ఉండేది.

అమ్మ వాళ్ల అన్నకు స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు నిజమనిపించే మానసిక జబ్బు. ఆ జబ్బుకు ఒక పేరుందని తెలియడానికే మా వాళ్లకు చాలా ఏళ్లు పట్టింది; అంతవరకు గాలి సోకిందని తిప్పని గుడి లేదు, దర్గా లేదు. మామను ఊళ్లో ఏమని పిలిచేవారో విని పెరిగినవాణ్ణి కాబట్టి నా సంగతి ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు గడిపాను. చివరికి ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపించారు. ఆ మాత్రలు వేసుకుంటే పొద్దున పదకొండు దాకా కన్ను తెరవలేకపోయేవాణ్ణి, చదువు అటకెక్కింది. నాకున్నదేమిటని అడిగితే "వాడండి, తగ్గుతుంది" అన్నదే సమాధానం. ఆ డాక్టరు మీద నాకు ఇప్పటికీ కోపమే.

నర్సుగా పనిచేస్తున్న మా పిన్నమ్మ కూతురు బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రి సంగతి చెప్పింది. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బస్సులో సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. అమ్మ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడ నన్ను రెండున్నర గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. వినిపిస్తుందా లేదా అన్నది వాళ్లకు చిన్న ప్రశ్న. వినిపించినప్పుడు ఎంతవరకు నమ్ముతావు, వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, దానివల్ల ఏ పని మానుకున్నావు, ఏడాది కిందట ఎలా ఉండేవాడివి అన్నవి పెద్ద ప్రశ్నలు. ఒక్కో లక్షణానికి 0 నుంచి 6 వరకు మార్కు వేస్తారు: 6 అంటే లేనిదాన్ని నిజమని పూర్తిగా నమ్మే స్థితి, అంటే సైకోసిస్, 3 నుంచి 5 వరకు అయితే ప్రమాదపు అంచు. నా అనుమానానికి 4 వచ్చింది. సైకోసిస్ రాలేదు, కానీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ అని డాక్టరమ్మ చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట: "మా అన్న మాదిరి అవుతాడా మేడమ్?" ఆమె తడుముకోలేదు. ఇలాంటి స్థితిలో ఉన్న వంద మందిలో సుమారు పాతిక మందికి మూడేళ్లలోపు జబ్బు బయటపడుతుందనీ, ఎక్కువమందికి బయటపడదనీ, ఈ దశలో సైకోసిస్ మందులతో మొదలుపెట్టడం కంటే మాటల చికిత్సే ముందు రావాలనీ చెప్పి, పాత మాత్రలను మూడు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు.

ఆ విభాగంలోనే ఒక పరిశోధన జరుగుతోంది. ఇష్టమైతే చేరవచ్చు, చేరకపోయినా వైద్యంలో తేడా ఉండదన్నారు. ఒప్పంద పత్రం తెలుగులోనే ఇచ్చారు. అందులో "ఉద్వేగ నియంత్రణ సమయంలో మెదడు పనితీరు" అని ఉంది. నియంత్రణ అన్న మాట చూసి నేను పొంగిపోయాను, ఎందుకంటే అందులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. చిన్నప్పుడు ఏడిస్తే నాయన "మగపిల్లోడివి, గమ్మునుండు" అనేవాడు. అప్పటినుంచి గమ్మునే ఉన్నాను. పది ప్రశ్నల కాగితం ఒకటి నింపించారు. జేమ్స్ గ్రాస్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయన సహచరుడు ఆలివర్ జాన్ 2003లో ప్రచురించిన ప్రశ్నావళి అది. అందులో నాలుగు ప్రశ్నలు భావాలను బయటికి కనబడనీయకుండా ఉంచుకోవడం గురించి. నాలుగింటికీ 7కు 7 వేసుకున్నాను. మిగతా ఆరూ విషయాన్ని వేరే విధంగా ఆలోచించుకోవడం గురించి. వాటిలో 3 దాటలేదు.

కాగితం చూసిన పరిశోధక విద్యార్థి, చిత్తూరు వైపు అబ్బాయి, నా తప్పును ఒక్క మాటలో దిద్దాడు: "అన్నా, మేము అడుగుతున్నది దిగమింగుకోవడం కాదు, మనసుకు సర్దిచెప్పుకోవడం." దిగమింగుకుంటే ముఖం మారదు గానీ లోపలి దడ తగ్గదట; సర్దిచెప్పుకుంటే దడ పుట్టేచోటే మార్పు వస్తుందట. రెండు మాటలూ నేను రోజూ వాడేవే, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఆ పరిశోధన కోసం మెదడుకు ఎమ్మారై స్కాన్ తీసిన రోజున బెల్టు, వాచీ, వెండి బిళ్ల ఉన్న మొలతాడు తీసేశాక చేతికున్న తాయెత్తు దగ్గర గొడవ వచ్చింది. అది గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర అమ్మ కట్టించినది. రాగి రేకే కదా, అయస్కాంతానికి అంటుకోదు కదా అని నేను వాదించాను. రేకు లోపల ఏముందో ఎవరికీ తెలియదనీ, ఏ లోహమైనా వేడెక్కవచ్చు, బొమ్మను చెడగొట్టవచ్చనీ టెక్నీషియన్ ఓపికగా చెప్పాడు. ఆ యంత్రంలోని అయస్కాంతం బలం 3 టెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం), భూమి అయస్కాంత బలానికి వేల రెట్లు. అమ్మ ముడిని పంటితో విప్పి, తాయెత్తును గుప్పిట్లో పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది.

లోపల పడుకోబెట్టి, చెవుల్లో దూది లాంటి బిరడాలు పెట్టి, తలకు పంజరం వంటిది బిగించి, ఒక చేతికి మీటలూ, భయమేస్తే నొక్కమని ఇంకో చేతికి రబ్బరు బుడ్డీ ఇచ్చారు. యంత్రం మొదలవగానే మా చేనిలో బోరు వేసిననాటి చప్పుడు గుర్తొచ్చింది; తేడా ఏమంటే ఈసారి బోరుగుంతలో ఉన్నది నేను. కళ్లపై అద్దంలో ఒక మాట, తర్వాత ఒక బొమ్మ. "చూడు" అని వస్తే ఊరికే చూడాలి. "తగ్గించు" అని వస్తే ఆ బొమ్మకు మరో అర్థం చెప్పుకుని బాధను తగ్గించుకోవాలి, ఆపైన బాధ ఎంత ఉందో 1 నుంచి 4 వరకు మీట నొక్కాలి. కోరలు చూపిస్తున్న కుక్క బొమ్మ వచ్చినప్పుడు, ముందురోజు నేర్పినట్టే, దాని మెడకు గొలుసు ఉందని అనుకున్నాను, దడ తగ్గింది. తర్వాత నలుగురు మనుషులు ఒకేసారి నావైపు తిరిగి చూస్తున్న బొమ్మ వచ్చింది. దానికి ముందు వచ్చిన మాట "తగ్గించు". ఎవరో ఫొటో తీస్తుంటే కెమెరా వైపు చూస్తున్నారని అనుకోవాలని నాకు తెలుసు, ఆ వాక్యం నోటి దాకా వచ్చింది కూడా, మనసు మాత్రం వినలేదు. 4 నొక్కాను. ఆ నలభై నిమిషాల్లో నాకు బాగా గుర్తున్నది ఆ బొమ్మ ఒక్కటే.

బయటికి రాగానే అమ్మ అడిగింది, "ఏమైనా కనపడిందా సార్?" నేను అడగాలనుకున్నదీ అదే. యంత్రం నా గతి ఏమిటో తేల్చేస్తుందనే ఇంత దూరం వచ్చాను. ఆ అబ్బాయి తెరమీద చూపిస్తూ చెప్పాడు: యంత్రం ఆలోచనలను చూడదు, మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా వస్తుంది, ఆ మార్పు ఐదారు సెకన్ల తర్వాత యంత్రానికి అందుతుంది. బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని పసిగడుతుంది. సర్దిచెప్పుకునేటప్పుడు నుదుటి వెనుక ఉన్న ప్రీఫ్రంటల్ భాగం ముందుకొచ్చి దాన్ని నెమ్మదింపజేస్తుంది. ప్రమాదపు అంచున ఉన్నవాళ్లలో ఆ నుదుటి భాగం, ముఖ్యంగా దాని కింది పక్క అంచు, ఇతరులలో పనిచేసినంతగా పనిచేయడం లేదని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. కానీ అది పదుల మంది సగటులో తేలే తేడా. ఒక్క మనిషి స్కాన్ చూసి ఇతనికి జబ్బు వస్తుంది, ఇతనికి రాదు అని చెప్పలేరు. ఆ మాట విన్నప్పుడు నిజంగా నిరాశపడ్డాను. బస్సు ఛార్జీలు దండగైనట్టే అనిపించింది.

తర్వాత ఆరు నెలలు వారానికొకసారి ఫోనులోనే మాటల చికిత్స సాగింది. నోటుబుక్కులో రెండు గళ్లు గీయమన్నారు: ఏమి జరిగింది, దానికి ఇంకా ఏయే అర్థాలు ఉండవచ్చు. రెండో గడి నింపడానికి మొదట్లో అరగంట పట్టేది, చాలాసార్లు అబద్ధం రాస్తున్నట్టు ఉండేది. రాత్రి పన్నెండు లోపు పడుకోవడమూ చికిత్సలో భాగమే. నిద్ర తప్పిన మర్నాడు అనుమానం రెట్టింపయ్యేదని ఆ నోటుబుక్కే చూపించింది. ఒక అర్ధరాత్రి మరీ తట్టుకోలేక, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

మొన్న మళ్లీ మార్కు వేశారు: 4 ఉన్న చోట 2. ఫ్యాను ఇంకా అప్పుడప్పుడు పిలుస్తుంది. ఏడాది నిండాక రెండో స్కాన్ ఉంది. అమ్మ తాయెత్తును మళ్లీ కట్టింది గానీ, ఈసారి ముడి విప్పడానికి వీలుగా వేసింది.